బొమ్మల మీద రాసేవాళ్లకు చర్ల నుంచి ఎదురు సలహాలు

కళ మీద రాసి బతకాలనుకునే పిల్లలు ఏడాదికి ఒకరిద్దరైనా నాకు ఫోన్ చేస్తుంటారు. జర్నలిజం కోర్సు పూర్తయి ఉంటుంది, చేతిలో ఒక కెమెరా ఉంటుంది, ఉద్యోగం మాత్రం ఉండదు. చర్లలో కూర్చుని బొమ్మల గురించి, బొమ్మలు చేసేవాళ్ల గురించి ఇన్నేళ్లు ఎలా రాశారని అడుగుతారు. నేను చెప్పే జవాబులు వాళ్ల లెక్చరర్లకు నచ్చవు. డెస్కులో పనిచేసే మిత్రుడొకడు పిల్లల్ని పాడు చేయొద్దని నన్ను మందలించాడు కూడా. నిజమే, వృత్తి పాఠాల లెక్కన నావన్నీ తప్పుడు సలహాలే. అయినా ఈ అడవి అంచున నాకు పనికొచ్చినవి అవే కాబట్టి వాటినే రాస్తున్నాను.

చర్ల వదలకండి

అందరూ హైదరాబాద్ వెళ్లమంటారు. గ్యాలరీలు అక్కడ, కొనేవాళ్లు అక్కడ, ఎడిటర్లు అక్కడ. మాదాపూర్‌లో ఒక ప్రదర్శన మొదలైతే దాని మీద రాయడానికి పదిమంది ఉంటారు. తాలిపేరు వాగు ఒడ్డున ఒక కోయ ఊళ్లో, వంశ చరిత్ర కుట్టిన పడిగె గుడ్డను విప్పిన రోజు రాసేవాడు ఒక్కడూ ఉండడు. ఆ ఖాళీలోనే మీకు పని ఉంది.

ఊళ్లో ఉండి కళ మీద రాయడం మనకు కొత్తేమీ కాదు. సంజీవదేవ్ (1914–1999) హిమాలయాలు తిరిగాడు, కులూలో చిత్రకారుడు నికొలస్ రోరిక్‌ను కలిశాడు, చివరికి గుంటూరు జిల్లా తుమ్మపూడికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. బొమ్మలు వేశాడు, ప్రపంచ చిత్రకళ గురించి తెలుగులో వ్యాసాలు రాశాడు, లెక్కలేనన్ని ఉత్తరాలు రాశాడు. చిత్రకారులూ రచయితలూ ఆయన్ను వెతుక్కుంటూ తుమ్మపూడికే వెళ్లారు. ఆ ఊళ్లో గ్యాలరీ లేదని ఆయన రాత ఆగలేదు.

చర్లకు ఇంకో సంగతి ఉంది. ఈ నేల మీద గీతలు చాలాసార్లు మారాయి. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 దాకా తూర్పు గోదావరి జిల్లావి, ఆ తర్వాత ఖమ్మానివి. 2014లో చింతూరు, కూనవరం, వర రామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలు పోలవరం ప్రాజెక్టు కోసం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే మిగిలింది, దాని చుట్టూ ఉన్న ఊళ్లు అటు పోయాయి. 2016లో చర్ల భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. పక్కనున్న వెంకటాపురం భూపాలపల్లి జిల్లాకు, అక్కడి నుంచి 2019లో ములుగుకు వెళ్లింది. ఉత్తరాన అడవి దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, సుక్మా జిల్లాలు. ఇన్ని గీతలు గీసినా కోయవాళ్ల ఇంటిపేర్లు, గట్లు, పెళ్లి సంబంధాలు, వేల్పులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. గట్టు అంటే ఒకరికొకరు అన్నదమ్ముల వరసయ్యే వంశాల గుంపు, వేల్పు వాళ్లు కొలిచే దేవత. ఒక వేల్పుకు మొక్కే కుటుంబాలు మూడు రాష్ట్రాల్లో ఉంటాయి.

పత్రికలో పేజీలు జిల్లాల వారీగా ఉంటాయి. చర్ల విలేకరి చింతూరు సంగతి రాస్తే అది వేరే ఎడిషన్‌ది అంటారు. ఆ వేల్పు కథ ఒక ముక్క ఈ పేజీలో, ఒక ముక్క ఆ పేజీలో, మూడో ముక్క ఎక్కడా రాకుండా పోతుంది. మండలం అంటూ లేని ఫ్రీలాన్సర్ ఒక్కడే ఆ చుట్టరికం వెంట చివరిదాకా వెళ్లగలడు. ఫ్రీలాన్సర్‌గా ఉండటంలో నాకు కనిపించిన పెద్ద లాభం ఇదే. దాన్ని హైదరాబాద్ బస్సెక్కి పోగొట్టుకోవద్దు.

మొదటి రోజు కెమెరా తీయకండి

వెలుతురు బాగుంది, మళ్లీ ఇలాంటి క్షణం రాదు అని ఫొటోగ్రాఫర్లు అంటారు. వస్తుంది. వేల్పు ఎక్కడికీ పోదు.

పడిగె గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పొరపాట్లన్నీ అక్కడే జరుగుతాయి. పడిగె మూడు మూలల గుడ్డ. దాని మీద గుడ్డముక్కలు కత్తిరించి కుట్టిన మనుషులు, జంతువులు, ఆయుధాలు, సూర్యచంద్రులు ఉంటారు. వెదురుకు కట్టి నిలబెడతారు. అది ఆ గట్టు వాళ్ల వంశ చరిత్ర. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, ఏ వాగు దాటారు, ఎవరితో పోరాడారు, ఎవరు వేల్పయ్యారు అన్నదంతా ఆ బొమ్మల్లో ఉంటుంది. చూస్తే తెలియదు. డోలీలని పిలిచే డోలి కోయలు డోలు వాయిస్తూ, ఒక్కొక్క బొమ్మ దగ్గర ఆగి పాడితేనే తెలుస్తుంది. పాడేవాడు లేకపోతే అది మనకు రంగు గుడ్డ.

మరి మొదటి రోజు కెమెరా తీసినవాడికి ఏం దొరుకుతుంది? రంగు గుడ్డే దొరుకుతుంది. పైగా పడిగె ఏ రోజు పడితే ఆ రోజు విప్పేది కాదు. దానికి పూజ ఉంది, వడ్డె (పూజారి) ఉన్నాడు, పెద్దల మాట ఉంది. మన కోసం పెట్టెలోంచి తీసి చూపించమని అడగడం, పక్కింటికి వెళ్లి వాళ్ల దేవుడి గదిలో పటాలు దించి వరండాలో పెట్టమన్నట్టే. మొదటి రోజు కూర్చోండి. రెండోసారి వెళ్లినప్పుడు పాట వినండి. ఫొటో తీయవచ్చా అని మూడోసారి అడగండి. వద్దంటే అక్కడితో ఆపండి. నా దగ్గర ఫొటో లేని వ్యాసాలు నాలుగున్నాయి. నేను రాసినవాటిలో అవే మంచివి.

మేడారం మీద ఆశ పెట్టుకోకండి

రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది. కోటి మందికి పైగా వస్తారని చెబుతారు. అన్ని పత్రికలూ ప్రత్యేక సంచికలు వేస్తాయి. కళ మీద రాసేవాడికి అది పండగ అనుకుంటారు. నేను మాత్రం ఆ నాలుగు రోజులూ వెళ్లొద్దంటాను. ఆ జనంలో మీరు ఎవరి పక్కనా అరగంట కూర్చోలేరు. సమ్మక్క చిలుకలగుట్ట దిగే క్షణం అందరి దగ్గరా ఉంటుంది. మీరు తీసింది కూడా అదే ఫొటో అవుతుంది. దానికి బదులు ఊరి కొలుపులకు వెళ్లండి. అక్కడ ముప్పై కుటుంబాలు ఉంటాయి, డోలు దగ్గరగా వినిపిస్తుంది, పాట అర్థం కాకపోతే చెప్పే ముసలామె పక్కనే ఉంటుంది.

జాతర అయిపోయిన నెల తర్వాత వెళ్లండి. అప్పుడు ఇప్పపూలు ఏరుతుంటారు. పని చేసుకుంటూ మాట్లాడే మనుషులు దొరుకుతారు.

"అంతరించిపోతున్న కళ" అని ఎప్పుడూ రాయకండి

ఈ శీర్షిక పెడితే వ్యాసం తొందరగా అచ్చవుతుంది. డెస్కులో ఎవరూ ప్రశ్న వేయరు. అందుకే దీన్ని పూర్తిగా మానేయమంటున్నాను. ముప్పై ఏళ్లుగా ప్రతి వ్యాసంలోనూ అంతరించిపోతున్న కళ ఇంకా కళ్లముందు ఉందంటే, వ్యాసాలు రాసినవాళ్లు లెక్క పెట్టలేదనే అర్థం.

లెక్క పెట్టండి. ఆ గట్టులో పడిగె చదవగలిగినవాళ్లు ఎంతమంది? వాళ్ల వయసెంత? నేర్చుకుంటున్న పిల్లలెవరు? కొలుపు రోజున డోలీకి ఏం ఇస్తారు, డబ్బా, బియ్యమా? మిగతా రోజుల్లో ఆయన కూలికి వెళతాడా? ఇవి రాస్తే "అంతరించిపోతున్న" అన్న మాట అవసరమే రాదు.

సకిని రామచంద్రయ్య సంగతి తీసుకోండి. మణుగూరు మండలం కూనవరం ఆయన ఊరు. (కూనవరం అనగానే శబరి, గోదావరి కలిసే కూనవరం అనుకుంటారు. అది ఆంధ్రలోకి వెళ్లిన మండలం, ఇది వేరు. ఈ రెండూ కలిపేసిన వార్తలు చూశాను.) కంచుమేళం, డోలు, కోయ వీరుల కథలు, సమ్మక్క సారలమ్మ చరిత్ర ఆయన గొంతులో ఉండేవి. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ వారం ఆయన ఫొటో లేని పత్రిక లేదు. 2024లో ఆయన చనిపోయారు. మళ్లీ ఫొటో వచ్చింది. ఈ రెండు ఫొటోల నడుమ ఉన్న రెండేళ్లలో ఆయన దగ్గర కూర్చుని కథ విన్న విలేకరులు ఎందరో మన వృత్తి వాళ్లమే చెప్పుకోవాలి. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు ఆ పని చాలా ముందే మొదలుపెట్టారు. పత్రికలకు అవార్డు రోజు గుర్తొచ్చింది. అవార్డు రాని డోలీలు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లండి.

రాసింది పంపే ముందు వాళ్లకు చదివి వినిపించండి

ఇది వింటే జర్నలిజం మాస్టార్లందరూ లేచి నిలబడతారు. ఎవరి గురించి రాశామో వాళ్లకు కాపీ చూపించకూడదన్నది మొదటి పాఠం. మంత్రి గురించి, కాంట్రాక్టర్ గురించి రాసేటప్పుడు ఆ పాఠం సరైనదే. వాళ్లకు మన మీద ఒత్తిడి పెట్టే బలం ఉంది. డోలీకి మన మీద ఏ బలం ఉంది? మనమే ఆయన వంశ చరిత్రను ఆయనకు తెలియని చోట, ఆయన చూడని కాగితం మీద అచ్చు వేస్తున్నాం.

నా తప్పు చెబుతాను. చాలా ఏళ్ల కింద ఒక ఆదివారం అనుబంధానికి పడిగె మీద రాశాను. మూడో గట్టు వాళ్ల వేల్పును ఐదో గట్టు వాళ్లదని రాశాను. నోట్సులో సరిగానే ఉంది, ఇంటికొచ్చి రాసేటప్పుడు కలిసిపోయింది. పైగా దాన్ని పెయింటింగ్ అన్నాను. చదివినవాళ్లలో వెయ్యిమందికి అది ఏమాత్రం తేడా కాదు. కానీ ఆ పేపర్ సంతలో పొట్లంగా ఆ ఊరికి చేరింది. చదువుకున్న కుర్రాడు ఒకడు పైకి చదివాడు. మా వేల్పును వాళ్లకు ఎందుకిచ్చావు అని ఆ కుటుంబంలోని పెద్దాయన అడిగాడు. కేకలు వేయలేదు, నెమ్మదిగా అడిగాడు. రెండు గట్ల మధ్య పెళ్లి సంబంధాలు కుదురుతాయా లేదా అన్నది ఈ లెక్క మీదే ఉంటుందని, ఒకే గట్టు వాళ్లు అన్నదమ్ములవుతారని నాకు అప్పుడు విడమరిచి చెప్పాడు. నేను ఒక అంకె తప్పు రాసి ఆయన చుట్టాలను మార్చేశాను.

సవరణ వేయమని పత్రికకు రాశాను. వేయలేదు. ఇలాంటి చిన్న తప్పుకు సవరణ వేయరట. ఆ ఊరికి వెళ్లి, నలుగురూ కూర్చున్న చోట తప్పు నాదని చెప్పాను. అంతకు మించి చేయగలిగింది లేకపోయింది.

అప్పటి నుంచి చదివి వినిపించకుండా ఒక్క వ్యాసమూ పంపలేదు. ఒకసారి గడువు దాటి వ్యాసం పోయింది. జూలై ఆఖరి వారంలో, డిసెంబర్ మొదటి వారంలో మావోయిస్టుల వారోత్సవాల పేరుతో రాత్రి బస్సులు ఆపేసే రోజులు ఏళ్ల తరబడి ఉండేవి, అప్పుడు ఊళ్లోనే చిక్కుకుని మరో రెండు వ్యాసాలు పోగొట్టుకున్నాను. పోయిన డబ్బు మళ్లీ సంపాదించాను. వినిపించినప్పుడు వాళ్లు పొగడమని అడిగింది ఎప్పుడూ లేదు. పేర్లు సరిచేస్తారు, ఊళ్లు సరిచేస్తారు, ఇది బయటికి చెప్పేది కాదు తీసెయ్ అంటారు. తీసేస్తాను. అది దాచినందువల్ల పాఠకుడికి వచ్చే నష్టం లేదు.

ధర అడగండి

కళ గురించి రాసేవాడు డబ్బు మాట ఎత్తకూడదని ఒక మర్యాద పాతుకుపోయింది. రంగు, రేఖ, సంప్రదాయం గురించి రెండు పేజీలు రాసి, ఆ బొమ్మ ఎంతకు అమ్ముడైందో రాయని వ్యాసాలే మన దగ్గర ఎక్కువ. మీరు మొదట అదే అడగండి. ఎంతకు ఇచ్చారు? తీసుకెళ్లినవాడు ఎంతకు అమ్మాడు? కాగితం మీద ఏమైనా రాసుకున్నారా?

ఇవి అడగకపోతే ఏమవుతుందో చూడండి. గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్‌ది మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్. భోపాల్ భారత్ భవన్ కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం ఊరూరూ తిరిగినప్పుడు ఇంటి గోడ మీద ఆయన వేసిన బొమ్మ కనిపించింది. ఈ రోజు గోండు చిత్రకళ అని ప్రపంచం పిలుస్తున్న దారి ఆయన వేసిందే. 2001లో జపాన్‌లోని మిథిలా మ్యూజియంలో బొమ్మలు వేస్తూ, నలభై ఏళ్లు నిండకుండానే అక్కడే ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన ఏ షరతుల మీద వెళ్లాడు, ఎంత ఇస్తామన్నారు, తిరిగి రావాలంటే ఏం చేయాలి అన్న ప్రశ్నలు ఆయన చనిపోయాకే గట్టిగా వినిపించాయి. ఆయన బొమ్మల చుక్కల గురించి అప్పటికే ఎంతో రాసి ఉన్నారు. షరతుల గురించి ముందే ఎవరో ఒకరు అడగాల్సింది.

చట్టం కూడా తెలుసుకోండి, తెలిసింది చిత్రకారుడికి చెప్పండి. బొమ్మ అమ్మినంత మాత్రాన దాని కాపీరైట్ కొన్నవాడికి పోదు. కాపీరైట్ చట్టంలో 53ఏ సెక్షన్ ప్రకారం అసలు బొమ్మ 10,000 రూపాయలు దాటి మళ్లీ అమ్ముడైతే వేసినవాడికి 10 శాతం మించకుండా వాటా రావాలి. ఈ సంగతి తెలిసిన చిత్రకారుడిని నేను ఈ ప్రాంతంలో ఇంకా కలవలేదు.

అదే చట్టం మీకూ పనికొస్తుంది. పత్రికలో ఉద్యోగి రాసింది అచ్చు వేసుకునే హక్కు పత్రికది. ఫ్రీలాన్సర్ రాసింది, రాసి సంతకం పెట్టి ఇస్తే తప్ప, ఫ్రీలాన్సర్‌దే. ఎంతకాలానికో రాయకుండా ఇచ్చేస్తే అయిదేళ్లకే లెక్క. అందుకే ఉద్యోగం కోసం తొందరపడకండని చెబుతాను. ఇరవై ఏళ్ల వ్యాసాలు మీవిగా ఉంటే ఒక పుస్తకం అవుతుంది.

మరి తిండి ఎలా అంటారు. వేరే పని చేయండి. మిర్చి చేలో లెక్కలు రాయండి, ట్యూషన్ చెప్పండి, జిరాక్స్ షాపు పెట్టండి. కొలతల మీద ఇచ్చే లైన్ అకౌంట్ డబ్బుతో ఇల్లు గడవదు. గడపాలని చూస్తే యాడ్‌లు తెమ్మంటారు, యాడ్ ఇచ్చినవాడి ప్రదర్శన బాగుందని రాయాల్సి వస్తుంది. బొమ్మలు కొని అమ్మే పని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ధర గురించి రాసేవాడి చేతిలో సరుకు ఉండకూడదు.

పేరున్న కళల వెంటే పడకండి

చేర్యాల నకాషీ పటాలు, నిర్మల్ బొమ్మలు, కొండపల్లి బొమ్మలు, వీటి మీద చాలామంది రాశారు, ఇంకా రాస్తారు. చర్లలో నేను రాసినవాటిలో ఒకటి షాపు బోర్డులు రాసే ఆర్టిస్టు గురించి. ఫ్లెక్సీ రాకముందు ఆయన చేతి అక్షరాలే ఈ రోడ్డు మీద అన్ని దుకాణాలకూ. ఇప్పుడు బడి గోడల మీద బొమ్మలు, ఎన్నికలప్పుడు గుర్తులు వేస్తాడు. పినపాక మండలం జానంపేటలో రాక్షసగుళ్లని పిలిచే పెద్దరాళ్ల సమాధులున్నాయి, ఈ గోదావరి లోయలోనే సిలువలా చెక్కిన నిలువురాళ్లున్నాయి. వాటి పక్కన పశువులు కాసేవాళ్లకు వాటి కథలు తెలుసు. ఇదంతా దృశ్యకళే. గుర్తింపు ఉన్నదాని మీదే రాయాలన్న నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు, మీరు పాటించకండి.

మాటల విషయంలో ఇంకో పట్టింపు. పడిగెను "స్క్రోల్" అనకండి, వేల్పును "టోటెమ్" అనకండి, గట్టుకు మరో పేరు వెతకకండి. పాఠకుడికి అర్థం కాదని డెస్క్ అంటుంది. రెండో వాక్యంలో వివరించండి, అర్థమవుతుంది.

ఫొటో ప్రింట్ తీసి ఇవ్వండి

ఫైల్ పంపామంటే సరిపోదు. కాగితం మీద ప్రింట్ తీయించి ఆ ఇంటికి తీసుకెళ్లి ఇవ్వండి. 1940ల్లో నిజాం రాజ్యంలో తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గోండుల, చెంచుల, కొండరెడ్ల ఫొటోలు వేల సంఖ్యలో తీశాడు. కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. ఆ ఫొటోలు ఈ రోజు లండన్‌లో విశ్వవిద్యాలయ భండారంలో భద్రంగా ఉన్నాయి. అవి ఉన్నందుకు ఆయనకు రుణపడి ఉన్నాం. కానీ పాపికొండల్లో ఎన్ని ఇళ్లలో ఆ తాతల ఫొటో గోడకు వేలాడుతోంది? భద్రాచలంలో స్టూడియోలున్నాయి. చర్ల నుంచి దాదాపు 60 కిలోమీటర్లు. నేను ప్రతి వ్యాసానికీ ఒక బస్సు టికెట్, కొన్ని ప్రింట్ల ఖర్చు ముందే పక్కన పెడతాను. వచ్చే పారితోషికంలో అది చిన్న భాగం కాదు. అయినా పెడతాను.

డెస్కులో ఉన్న మిత్రులకు కూడా ఒక మాట చెప్పాలి. మేం ఊళ్లకు వెళ్లి, మూడుసార్లు కూర్చుని, చదివి వినిపించి, ఇంటిపేరుతో, ఊరితో, గట్టుతో సహా పేర్లు రాసి పంపుతాం. అచ్చులో చూస్తే ఫొటో కింద "గిరిజన కళాకారుడు" అని ఉంటుంది. చోటు చాలకపోతే నా పేరు తీసేయండి. డోలీ పేరు ఉంచండి.